ఐదు మెషీన్లు, నలభై మంది, ఒక స్లర్మ్: రెండున్నరేళ్లు వాడాక

ముందే చెప్పేస్తా, చాలా మెషీన్ల మీద పనులు పంచిపెట్టే ఈ స్లర్మ్ సాఫ్ట్‌వేర్‌కి ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా. ఓపిక లేనివాళ్లు టైము గురించి, మెమరీ గురించి రాసింది చూసుకుని వెళ్లిపోండి, మిగతాది కథ.

నేను తిరుపతిలో, రేణిగుంట వైపు ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకుంటాను. పేరుకి సిస్టమ్ అడ్మిన్, పనికి ప్రింటర్లో టోనర్ మార్చడం దగ్గర్నుంచి ప్రొజెక్టర్ వైరు వెతకడం దాకా అన్నీ నావే. మా దగ్గర నాలుగు పాత సర్వర్లున్నాయి, ఒక్కోదాంట్లో 16 కోర్లు (ఒకేసారి విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 64 జీబీ మెమరీ. వీటికి తోడు ఒకే ఒక్క జీపీయూ కార్డు ఉన్న ఇంకో మెషీను. దీన్నే మావాళ్లు గొప్పగా క్లస్టర్ అంటారు. పీహెచ్‌డీ వాళ్లు, ఎంటెక్ వాళ్లు, ప్రాజెక్టుల సీజన్లో బీటెక్ పిల్లలు, అందరూ కలిపి నలభై మంది దాకా వాడతారు.

స్లర్మ్ రాకముందు మా షెడ్యూలర్ ఒక వాట్సాప్ గ్రూపు. "రెండో సర్వర్ ఎవరైనా వాడుతున్నారా" అని ఒకరు అడగడం, ఎవరూ పలక్కపోవడం, సరే ఖాళీయే కదా అని మొదలుపెట్టేయడం, అర్ధరాత్రి ఇంకొకరు లాగిన్ అయ్యి ఎవరిదో తెలియని ప్రాసెస్ మెషీన్ మొత్తాన్ని తినేస్తోందని దాన్ని చంపేయడం. ఒక పీహెచ్‌డీ మేడమ్ మూడు రోజుల రన్ అట్లాగే పోయింది. చంపినవాడు థర్డ్ ఇయర్ పిల్లాడు, పాపం వాడి తప్పు కూడా ఏమీ లేదు, వాడికి తెలిసిన పద్ధతి అదే. ఆవిడ ఒక్క మాట అనలేదు, నా రూముకొచ్చి కుర్చీలో కూర్చుని "ఇట్లా అయితే ఎట్లా అన్నా" అన్నారు, అంతే. ఆ రాత్రే నేను స్లర్మ్ డాక్యుమెంటేషన్ తెరిచాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్లర్మ్ అనేది చాలా మెషీన్లను ఒక్కటిగా కలిపి, ఎవరి పని ఎప్పుడు ఏ మెషీన్లో నడవాలో తేల్చే సాఫ్ట్‌వేర్. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబులో 2000ల మొదట్లో పుట్టింది, ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు. ఓక్ రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్ నడిచేది దీనిమీదే, మన బెంగళూరు ఐఐఎస్సీలోని పరమ్ ప్రవేగ నడిచేదీ దీనిమీదే. అంటే మా ల్యాబులో స్క్రిప్టు రాయడం నేర్చుకున్న పిల్ల రేపు పెద్ద మెషీన్ దగ్గరికి వెళ్తే, పార్టిషన్ (స్లర్మ్‌లో మెషీన్ల గుంపు) పేరు మార్చుకుని అదే స్క్రిప్టు పంపించొచ్చు. నాకైతే ఈ ఒక్క కారణం చాలు. వాడేవాళ్లకి తెలియాల్సింది నాలుగైదు కమాండ్లు: పని (దీన్నే జాబు అంటారు) పంపడానికి ఎస్‌బ్యాచ్, క్యూ చూడటానికి ఎస్‌క్యూ, మెషీన్ల పరిస్థితికి ఎస్‌ఇన్ఫో, మనసు మారితే ఎస్‌క్యాన్సిల్. వాడటం ఒక పూటలో వచ్చేస్తుంది. పెట్టడమే కష్టం.

ఉబుంటు 22.04లో ప్యాకేజీగానే దొరుకుతుంది, వెర్షన్ 21.08. ఇన్‌స్టాల్ అరపూట పని. దాన్ని మాట వినేలా చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటే, అన్ని మెషీన్లలో అక్షరం తేడా లేకుండా ఉండాలి, మెషీన్లు ఒకదాన్నొకటి నమ్మడానికి మంజ్ అనే ఇంకో ప్రోగ్రామ్ కావాలి. ఈ మంజ్ దగ్గర ఒక కథ ఉంది. ఒకరోజు సాయంత్రం గాలీవానా, కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పొద్దున వచ్చి అన్నీ లేపితే మూడో నోడు (క్లస్టర్లో ఒక్కో మెషీన్నీ నోడు అంటారు) మాత్రం డౌన్ అనే చూపిస్తోంది. పింగ్ అవుతోంది, లాగిన్ అవుతోంది, స్లర్మ్ మాత్రం దాని మొహం చూడనంటోంది. కేబుల్ మార్చాను, సర్వీసులు రీస్టార్ట్ చేశాను, ఫైర్‌వాల్ తీసేశాను. రెండు గంటల తర్వాత ఏదో అనుమానమొచ్చి ఆ మెషీన్లో తేదీ అడిగితే చాలా ఏళ్ల వెనక్కి చెప్పింది. మదర్‌బోర్డు మీద ఉండే బటన్ బ్యాటరీ అయిపోయింది. ఇంటర్నెట్ లైను కూడా అదే వానకి పోయి ఉండటంతో టైమును సరిచేసుకునే దారి లేదు. మంజ్ ప్రతి సందేశం మీదా టైము ముద్ర వేస్తుంది, మామూలు సెట్టింగులో ఐదు నిమిషాలు దాటితే అది చెల్లదు. గాంధీ రోడ్డులో వాచీలు రిపేరు చేసే చిన్న కొట్లో ఆ బిళ్ల తెచ్చి వేస్తే పది నిమిషాల్లో నోడు లేచి కూర్చుంది. స్లర్మ్ తప్పు కాదు గానీ, లాగ్‌లో ఉన్న సందేశం చూసి ఇది గడియారం గోల అని అర్థం చేసుకోవడం కొత్తవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎర్రర్ సందేశాలకి అర మార్కు అక్కడే తీసేశాను.

ఇప్పుడు టైము సంగతి. స్లర్మ్‌లో నాకు బాగా నచ్చిందీ, నన్ను బాగా ఏడిపించిందీ ఇదే.

శనివారం పొద్దున బస్టాండు దగ్గర ఏదైనా టిఫిన్ హోటల్లోకి వెళ్లి చూడండి. కొండ దిగొచ్చిన పన్నెండు మంది కుటుంబం, పక్కపక్కన మూడు టేబుళ్లు కావాలంటారు. మూడూ ఒకేసారి ఖాళీ కావాలంటే ఇంకో ఇరవై నిమిషాలు. ఈలోపు ఒక టేబులు ఖాళీ అయింది. దాన్ని ఊరికే పెట్టుకోవాలా? సప్లయర్ బుర్రున్నవాడైతే వెనకాల ఒంటరిగా నిలబడ్డ మనిషిని పిలిచి, "కాఫీయే కదా సార్, రండి" అంటాడు. ఆయన పది నిమిషాల్లో తాగి లేస్తాడు, పన్నెండు మందికి ఒక్క నిమిషం ఆలస్యం కాదు. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. 1995లో అమెరికాలోని ఆర్గాన్ ల్యాబులో ఒక ఐబీఎం మెషీన్ కోసం ఈ పద్ధతి పెట్టారు, ఇప్పుడు స్లర్మ్‌లో మామూలుగా నడిచేది ఇదే. దాదాపు ప్రతి అర నిమిషానికీ ఒకసారి క్యూ మొత్తం కలియజూసి, ముందున్న పెద్ద జాబుకి ఇబ్బంది లేకుండా ఏ చిన్న జాబును సందులో దూర్చొచ్చో చూస్తుంది.

అంతా ఆ కాఫీ అన్న మాట మీద ఆధారపడి ఉంది. కాఫీ అని కూర్చుని ఇడ్లీ, ఆపైన పూరీ, తర్వాత ఇంకో పూరీ అంటే హోటల్ వాళ్లు ఏమీ అనలేరు, లోపల తిట్టుకోవడం తప్ప. స్లర్మ్‌కి ఆ మొహమాటం లేదు. నువ్వు చెప్పిన టైము అయిపోగానే ప్రోగ్రామ్‌కి ఒక హెచ్చరిక పంపుతుంది, మామూలు సెట్టింగులో 30 సెకన్లు ఆగుతుంది, ఆ తర్వాత విస్తరి ముందు నుంచి లేపేస్తుంది. అందుకని పిల్లలు ఏం చేస్తారు? భయపడి అందరూ మ్యాగ్జిమమ్ రాస్తారు. మేము మూడు రోజులు మ్యాగ్జిమమ్ పెట్టాం, గంటలో అయిపోయే పనికి కూడా మూడు రోజులు. ఇంకొందరు టైమే రాయరు, రాయకపోతే పార్టిషన్ మ్యాగ్జిమమే వాళ్లకి డిఫాల్ట్ అవుతుంది. అందరూ ఫుల్ మీల్స్ అని చెప్పి కాఫీ తాగుతుంటే సప్లయర్ ఎవర్ని ఎక్కడ దూరుస్తాడు?

దీనికి తోడు మాకు ఇంకో దెబ్బ. ఒక స్కాలర్ 2021 నవంబర్‌లో తిరుపతిలో కురిసిన ఆ కుంభవృష్టిని వాతావరణ మోడల్లో మళ్లీ నడిపి చూస్తున్నాడు. (ఆ వాన గుర్తుందా, ఊరు చెరువైపోయిన వాన. పక్కనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా సంస్థ ఉండటం వల్లో ఏమో, మా దగ్గర ఈ సబ్జెక్టు మీద మోజు ఎక్కువ.) అతనికి నాలుగు నోడ్లూ, 64 కోర్లూ ఒకేసారి కావాలి. జాబు పంపాడు. ఒకరోజు, రెండ్రోజులు, ఐదు రోజులైంది, క్యూలో మొదటి వరసలోనే ఉంది, వెనకొచ్చిన చిన్న జాబులు మాత్రం ఒక్కొక్కటీ పక్కనుంచి లోపలికి పోతున్నాయి. "అన్నా, నన్నేమన్నా బ్లాక్ లిస్టులో పెట్టినారా?" అని అడిగాడు. నేనూ ఏదో బగ్ అనుకున్నా. చివరికి తేలిందేంటంటే, బ్యాక్‌ఫిల్ ఎంత దూరం ముందుకు చూడాలో చెప్పే సెట్టింగు ఒకటుంది, అది మామూలుగా 1440 నిమిషాలు, అంటే ఒక రోజు. మా జాబులన్నీ మూడు రోజులని రాసుకుని కూర్చున్నాయి. ఒక రోజు దూరంలో నాలుగు నోడ్లూ ఎప్పుడు ఖాళీ అవుతాయో దానికి కనిపించలేదు, కనిపించకపోతే పెద్ద జాబుకి చోటు పట్టి పెట్టదు, పట్టి పెట్టకపోతే చిన్నవాటికి అడ్డేముంది. పన్నెండు మంది కుటుంబం గుమ్మంలోనే. ఆ చూపును నాలుగు రోజులకి పెంచాం, టైము రాయనివాళ్లకి డిఫాల్ట్ ఒక గంట అని పెట్టాం. మరుసటి వారం ఆ జాబు నడిచింది. గంట డిఫాల్ట్ పెట్టిన రోజు మాత్రం నా ఫోను ఆగలేదు, "సార్ నా జాబు చచ్చిపోయింది" అని పదకొండు మంది. స్క్రిప్టులో టైము వరస ఒకటి చేర్చరా నాయనా అని పదకొండు సార్లు చెప్పాను.

జాబు ఎప్పుడు మొదలవుతుందో ఎస్‌క్యూని అడిగితే ఒక టైము చెబుతుంది. శ్రీనివాసంలో ఇచ్చే దర్శనం టోకెన్ మీద టైములా ఉంటుందని పిల్లలు సంబరపడతారు. అంత నమ్మకండి. ముందున్నవాళ్లు చెప్పిన టైముల్ని బట్టి వేసిన అంచనా అది. వాళ్లు తొందరగా ముగిస్తే ముందుకొస్తుంది, ఎక్కువ ప్రయారిటీ ఉన్నవాళ్లు దిగితే వెనక్కి పోతుంది.

మెమరీ. ఇది పూర్తిగా మా చేతగానితనం, కానీ డిఫాల్టులు కాస్త దయగా ఉండుంటే తప్పేది. మొదట్లో కోర్లను మాత్రమే లెక్కపెట్టమని చెప్పాం, మెమరీని వదిలేశాం. ఒకే నోడులో ఇద్దరివి, ఒక్కోటి నాలుగు కోర్ల జాబులు, ఇంకా ఎనిమిది కోర్లు ఖాళీ, లెక్క ప్రకారం అంతా బాగుంది. ఒక్కో జాబూ యాభై జీబీ తినేసరికి 64 జీబీ నోడు స్వాప్‌లోకి, అంటే మెమరీ చాలక డిస్కును వాడుకునే స్థితికి పోయి, లాగిన్ కూడా అవ్వకుండా బిగుసుకుపోయింది. సరే అని మెమరీని కూడా లెక్కలోకి తీసుకోమని మార్చాం. మరుసటి రోజు చూస్తే ఒక్కో నోడులో ఒక్కో జాబే నడుస్తోంది! 16 కోర్ల నోడులో ఒక కోరు జాబు కాలుమీద కాలేసుకుని కూర్చుంది, క్యూలో ముప్పై జాబులు. ఎందుకంటే మెమరీ ఎంతో అడగని జాబుకి, కోరుకింత అని డిఫాల్ట్ మనం చెప్పకపోతే, నోడులో ఉన్న మెమరీ మొత్తం ఇచ్చేస్తుంది. కోరుకి 3,800 ఎంబీ అని ఒక వరస రాస్తే తీరిపోయింది. ఆ ఒక్క వరస కోసం రెండు రోజులు.

న్యాయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే. మొదట్లో మాది ముందొచ్చినవాడికి ముందు పద్ధతి. ఒక స్కాలర్ శుక్రవారం సాయంత్రం మూడొందల జాబులు పంపి ఊరికెళ్లిపోయాడు, చట్టప్రకారం ఏ తప్పూ లేదు, సోమవారం దాకా ఇంకెవరికీ చోటు లేదు. దీనికి స్లర్మ్‌లో ఫెయిర్‌షేర్ అని ఉంది: ఈమధ్య ఎక్కువ వాడుకున్నవాళ్ల ప్రయారిటీ తగ్గుతుంది, వాడనివాళ్లది పెరుగుతుంది. పాత వాడకం లెక్క మామూలుగా ఏడు రోజులకి సగం, ఇంకో ఏడు రోజులకి పావు, అట్లా కరిగిపోతుంది. చాలా బాగుంది కదా, ఆన్ చేశాం, ఏమీ మారలేదు. వారం తర్వాత చూస్తే ఆ లెక్కలో జాబు క్యూలో ఎదురుచూసిన వయసుకెంత, వాడకానికెంత, సైజుకెంత అని బరువులివ్వాలి, అన్నింటి డిఫాల్టూ సున్నా. సున్నాతో ఏది గుణిస్తే ఏమొస్తుంది. అంతా సమానమే, అంతా సున్నాయే. బరువులు వేశాక మాత్రం నిజంగా మార్పు కనిపించింది. కానీ ఎవరికి ఎంత బరువన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. బీటెక్ పిల్లలకి ఏప్రిల్లో రివ్యూలు, స్కాలర్లకి ఎప్పుడూ డెడ్‌లైన్లే. ఇద్దరు ప్రొఫెసర్లను ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, నాలుగు టీలు తెప్పించి తేల్చుకోవాల్సొచ్చింది. అప్పుడు ఏడు రోజుల్ని పద్నాలుగు చేశాం, ఎందుకో అడగకండి, అది రాజీ.

ఇంతవరకూ స్లర్మ్ చేసే పని. అది చేయని పని ఒకటుంది, మా దగ్గర సగం మంది అపోహ అక్కడే. జాబుల్ని మెషీన్ల మధ్య పంచుతుంది గానీ, నీ జాబు లోపలున్న పనిని అది ముక్కలు చేసి పెట్టదు. ఆ పంపకం నువ్వే చేసుకోవాలి. చేయకపోతే ఏమవుతుందో చూపిస్తా. ఒక పిల్లాడు "64 కోర్లున్నాయి కదా" అని 64 అడిగి, రోజంతా క్యూలో ఉండి, తన పైథాన్ ప్రోగ్రామ్ నడుపుకున్నాడు. "ల్యాప్‌టాప్‌లో ఎంతసేపో ఇక్కడా అంతే పట్టిందన్నా, మీ క్లస్టర్ వేస్టు." సెఫ్ అని చిన్న కమాండు ఉంది, అయిపోయిన జాబు నంబరిస్తే ఎంత అడిగావో, ఎంత వాడావో చెబుతుంది. వాడి జాబుకి సీపీయూ వాడకం 1.56 శాతం అని వచ్చింది. అరవై నాలుగులో ఒకటి. మిగతా 63 కోర్లు పెళ్లికొచ్చిన చుట్టాల్లా కూర్చుని లేచి వెళ్లిపోయాయి. ఈ సెఫ్ మాత్రం బంగారం, జాబు అయిపోగానే ఆ లెక్క మెయిల్లో వెళ్లేలా పెట్టాను, సగం గొడవలు దాంతోనే తగ్గాయి.

నిజంగా పంచుకోగలిగే ప్రోగ్రామ్ అయినా 64 అడగడం చాలాసార్లు దండగే. అమ్‌దాల్ అనే కంప్యూటర్ ఇంజినీరు 1967లో చెప్పిన లెక్కే ఇప్పటికీ: ప్రోగ్రామ్‌లో పదో వంతు ఒక్క కోరే చేయాల్సిన పనయితే, 16 కోర్లతో 6.4 రెట్లు వేగం వస్తుంది, 64 కోర్లతో 8.8 రెట్లు, ఎన్ని వేల కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు. నాలుగు రెట్ల కోర్లు అడిగి, రోజంతా క్యూలో నిలబడి, వేగం ఒకటిన్నర రెట్లు కూడా పెరగకపోతే ఏం లాభం. 16 అడిగితే ఒక నోడులో వెంటనే దొరికేది.

పంపకం ఎట్లా చేయాలన్నదానికి మా మామిడాకుల కథ చెప్పాలి. ఒక ఎంటెక్ అమ్మాయి, వాళ్లది దామలచెరువు దగ్గర, ఇంట్లో తోతాపురి తోట ఉంది, ఆకుల ఫోటోలు చూసి తెగులు గుర్తుపట్టే ప్రాజెక్టు పెట్టుకుంది. మొత్తం 4,800 ఫోటోలు. ఎనిమిది కోర్లు తీసుకుని, పేర్ల వరసలో ఎనిమిది సమాన భాగాలు చేసింది, తలా 600. చూడ్డానికి ఇంతకన్నా న్యాయం ఏముంటుంది. ఏడు భాగాలు రెండేసి గంటల్లో అయిపోయాయి. ఎనిమిదోది పదకొండు గంటలు పట్టింది. ఏడు కోర్లు తొమ్మిది గంటల సేపు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి. కారణం వెతికితే, మొదటి ఏడు భాగాలూ ఫోన్‌తో తీసిన ఫోటోలు, చివరి 600 డ్రోన్‌తో తీసినవి, ఒక్కోటి చాంతాడంత. సంఖ్యలో సమానం, పనిలో కాదు.

దానికి మందు చిన్న ముక్కలు చేసి, ఖాళీ అయినవాడు వచ్చి తర్వాతి ముక్క తీసుకోవడమే. స్లర్మ్‌లో జాబ్ అర్రే అని ఉంది, ఒకే స్క్రిప్టుని నంబర్లు మార్చుతూ వందల సార్లు నడుపుతుంది, ఒకేసారి ఎనిమిదికి మించొద్దు అని కూడా చెప్పొచ్చు. ఆ అమ్మాయికి ఉత్సాహమొచ్చి ఒక్కో ఫోటోకి ఒక్కో జాబు పెట్టబోయింది. ముందు స్లర్మే ఒప్పుకోలేదు, అర్రే సైజు హద్దు మామూలుగా 1001, అంటే నంబరు వెయ్యి దాటకూడదు. హద్దు పెంచడం తేలికే, కానీ పెంచకముందు కాగితం మీద లెక్కేశాం. ప్రతి జాబూ మొదలవ్వగానే మోడల్‌ని మెమరీలోకి ఎక్కించడానికి ఇరవై సెకన్లు. 4,800 సార్లు ఇరవై అంటే దాదాపు 27 గంటలు, ఎనిమిది మంది పంచుకున్నా మూడు గంటల పైన, ఒక్క ఫోటో చూడకముందే. అసలు పని మొత్తం కలిపి 25 గంటలే! అందుకని నలభై ఫోటోలకో ముక్క, మొత్తం 120 ముక్కలు. ఎక్కించే ఖర్చు ఒక్కో కోరుకి ఐదు నిమిషాలు. పదకొండు గంటల పని మూడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోయింది, మెషీన్ అదే, కోర్లు అవే, ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

ఆ తర్వాత నాకూ పురుగు కుట్టి, పెద్ద ముక్కల్ని ముందు పెడితే ఇంకా బాగుంటుంది కదా అని డ్రోన్ ఫోటోల్ని వరసలో ముందుకు తెచ్చాం. గ్రాహమ్ అనే గణిత పండితుడు 1969లోనే నిరూపించాడు, పెద్ద పనుల్ని ముందు పంచితే, అన్నిటికన్నా మంచి పంపకానికి పట్టే టైముకన్నా మూడో వంతుకి మించి ఎప్పుడూ ఎక్కువ పట్టదని. మాకు కలిసొచ్చింది పది నిమిషాలు. ముక్కలు అప్పటికే చిన్నవైపోయాయి కదా, వరస మార్చితే మిగిలేది అంతే. అయినా ఇంటికెళ్లి గొప్పగా చెప్పుకున్నా, ఎవరికీ అర్థం కాలేదు.

ఇదే సూత్రం ఒక నోడు లోపల కూడా. ఓపెన్‌ఎంపీ (ఒక ప్రోగ్రామ్ పనిని ఒకే మెషీన్లోని కోర్లకి పంచే పద్ధతి) వాడేవాళ్లు లూపును స్టాటిక్‌గా, అంటే ముందే భాగాలు చేసి పంచుతున్నారా, డైనమిక్‌గా, అంటే ఖాళీ అయినవాడికి ఇస్తూనా చూసుకోండి. ప్రతి చుట్టుకీ పని సమానమైతే స్టాటికే మేలు, పంచే ఖర్చు ఉండదు. ఎగుడుదిగుడు పనయితే డైనమిక్.

అప్‌గ్రేడు గురించి ఎవరూ ముందే చెప్పరు, నేను చెప్తా. మొన్న సెలవుల్లో ఉబుంటు 24.04కి మారాం, దాంతో స్లర్మ్ 21.08 నుంచి 23.11కి వచ్చింది. మధ్యలో రెండు పెద్ద వెర్షన్లు దాటేశాం. 23.11 తన ముందు రెండు వెర్షన్ల నుంచే నేరుగా ఎక్కిస్తుంది, మాది మూడు మెట్లు. అంటే క్యూలో ఉన్న జాబులూ, పాత లెక్కల డేటాబేసూ తిన్నగా రావు. ముందు చదివాను కాబట్టి క్యూ ఖాళీ చేసి, పాత లెక్కలు దాచి, కొత్తగా మొదలుపెట్టా. నిర్దాక్షిణ్యంగా అందరి పాత వాడకం లెక్కా సున్నా అయింది, ఆ మూడొందల జాబులాయన ఒక్కడే సంతోషించాడు. అంతా అయిపోయిందనుకున్నాక ఇంకోటి: 22.05 నుంచి, స్క్రిప్టు పైన పనికి ఇన్ని కోర్లు అని రాసినా, లోపల ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఎస్‌రన్ కమాండు దాన్ని తీసుకోదు, మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే పదహారు థ్రెడ్లూ (ప్రోగ్రామ్ ఒకేసారి నడపాలనుకున్న పనులు) ఒకే కోరు మీద పడి తన్నుకుంటాయి. ఎర్రర్ ఏమీ రాదు, గంట జాబు సాయంత్రం దాకా సాగుతుంది, అంతే. ఏళ్ల తరబడి నడిచిన స్క్రిప్టులు అట్లా చడీచప్పుడూ లేకుండా నెమ్మదించడం నాకు అస్సలు నచ్చలేదు. మిగతా అర మార్కు దీనికి.

జీపీయూ సంగతి క్లుప్తంగా. ఒక కార్డు, నలభై ఆశలు. కొత్త వెర్షన్లో కార్డుని షార్డులుగా పంచొచ్చు, కానీ ఒకరి మెమరీలోకి ఇంకొకరు రాకుండా అది కాపలా కాయదు. ఒకడు ఎక్కువ తింటే పక్కవాడి జాబు కూలుతుంది. మేము పగలు రెండు గంటలకి మించొద్దు, రాత్రి పెద్ద జాబులు అని పెట్టుకున్నాం, నడుస్తోంది.

ఎవరికి పనికొస్తుంది? ఒకే మెషీన్, ఇద్దరు ముగ్గురు మనుషులైతే స్లర్మ్ జోలికి పోకండి, గ్నూ ప్యారలల్ అనే చిన్న కమాండు చాలు, ఒక వరసలో పనైపోతుంది. ల్యాబులో రాత్రిళ్లు ఊరికే పడుండే అరవై పీసీలను వాడుకోవాలంటే విస్కాన్సిన్ వాళ్ల హెచ్‌టీకాండర్ చూడండి, అది పుట్టిందే అట్లాంటి ఖాళీ మెషీన్ల కోసం. రెండు సర్వర్లు, పదిమంది మనుషులు, నెలకో గొడవ అన్న స్థితికొస్తే మాత్రం స్లర్మ్ పెట్టేయండి, మూడు వారాల తలనొప్పికి సిద్ధపడి.

ఎండాకాలంలో ఇంకో లాభం కనిపించింది. మే నెలలో మా సర్వర్ రూము ఏసీ ఒకటి మొరాయించింది, అన్నీ నడిపితే ఉడికిపోతాయి. మునుపైతే అందరికీ ఫోన్లు చేసి బతిమాలుకునేవాణ్ని. ఇప్పుడు రెండు నోడ్లకి డ్రెయిన్ అని చెప్పి, కారణం దగ్గర "ఏసీ" అని రాశా. నడుస్తున్నవి నడిచి ముగిశాయి, కొత్తవి అటు పోలేదు, రెండు రోజుల్లో అవి వాటంతటవే ఖాళీ అయ్యాయి, ఆపేశా. ఏసీ మెకానిక్ రేపొస్తా అన్నాడు, మూడు రేపులు గడిచాయి. ఆ వాన మోడల్ కుర్రాడు మాత్రం రోజూ ఎస్‌ఇన్ఫోలో ఆ "ఏసీ" అన్న మాట చూసుకుని "వచ్చినాడా అన్నా?" అని మెసేజ్ పెడుతున్నాడు, వాడికి నాలుగు నోడ్లూ కావాలి మరి.

మా కాన్ఫిగరేషన్ ఫైలు కావాల్సినవాళ్లు అడగండి, పాస్‌వర్డు తీసేసి పంపిస్తా.